అమ్మ సంతకం పెట్టిన జర్మన్ పాట

నాకు జర్మన్‌లో ఒక్క ముక్క రాదు. కానీ ఒక జర్మన్ పాట మాత్రం మొదటి నుంచి చివరి దాకా, ఊపిరి ఎక్కడ పీల్చాలో దానితో సహా, నిద్రలో లేపి అడిగినా పాడతాను. ఈ మాట గొప్పకే చెబుతున్నాను. గొప్పలు చెప్పుకోవడానికి నా దగ్గర సరుకు తక్కువేం లేదు గానీ అందులో ఇదే మొదటిది.

మొన్న టౌరంగాలో మా ఆసుపత్రి కాంటీన్‌లో కాఫీ కోసం వరసలో నిలబడితే రేడియోలో ఆ పాట వచ్చింది. నా ముందు ఫిలిప్పీన్స్ నర్సు, నా వెనక కొత్తగా చేరిన, ఈ దేశంలోనే పుట్టిన కివీ పిల్ల. ముగ్గురం ఒకేసారి కూనిరాగం అందుకున్నాం. ఆ పిల్ల పుట్టేనాటికే ఆ పాట ముసలిదైపోయింది. "నీకెలా తెలుసు?" అంటే "ఏమో, ఎప్పుడూ తెలుసు" అంది. వాళ్ళది ఉత్త రాగం. నేను మాటలతో సహా పాడేసరికి ఇద్దరూ నోళ్ళు తెరిచారు. "నీకు జర్మన్ వచ్చా?" అని అడిగింది నర్సు. "లేదమ్మా, తెలుగు వచ్చు" అన్నాను. అర్థం కాక నవ్వింది. అర్థమయ్యేలా చెప్పాలంటే చాలా ఉంది.

నేనీ దేశం వచ్చేనాటికి నాకు పదకొండేళ్ళు. హెండర్సన్ అనే పేటలో ఒక పాత చెక్క ఇంట్లో రెండు గదులు మావి, ఒక గది కరీంనగర్ నుంచి వచ్చిన ఆంటీ, అంకుల్‌లది. వంటిల్లు ఉమ్మడి. అంకుల్‌ది నైట్ షిఫ్టు, ఆయన గురక తప్ప ఆయన మాకు పెద్దగా తెలియదు. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. దాని స్థానంలో అగ్గిపెట్టెల్లాంటి టౌన్‌హౌసులు ఆరు లేచాయి. ఓసారి కారాపి చూశాను. పెరటి నిమ్మచెట్టును కూడా ఉంచలేదు దుర్మార్గులు.

ఆ వంటింటి కప్పుకి పొగ అలారం ఉండేది. కివీల కూరలకి నోరెత్తేది కాదు గానీ మా ఇంగువ పోపు తగిలిందంటే వీధి వీధంతా వినపడేలా కేకలు పెట్టేది. అందుకని పోపుకి ముందు అమ్మ "ఎక్కవే" అనేది. నేను తువ్వాలు పట్టుకుని కుర్చీ ఎక్కి అలారం కింద విసిరేదాన్ని. నాకు కోపం వచ్చిన రోజున విసరడం కాస్త ఆలస్యం చేసేదాన్ని. అది కుయ్యోమనేది, గదిలోంచి అంకుల్ లేచి కూర్చునేవాడు, ఆంటీ పరుగెత్తుకొచ్చి "పోరి కావాల్నని చేసింది వదినె, నేను చూసిన" అని చాడీ చెప్పేది. నిజమే చెప్పేది, అదే నా కోపం.

అలారం మోగితే అందరికన్నా హడలిపోయేది మా నాన్న. ఒంగోలు బస్టాండులో ఆయన ఒక్క కేక వేస్తే కదిలిన బస్సు ఆగేది. ఆ గొంతును ఎయిర్‌పోర్టులోనే వదిలేసి వచ్చినట్టున్నాడు. ఇక్కడ ఆయన మాట పక్క కుర్చీకి కూడా చేరేది కాదు. "మెల్లగా నడు. మెల్లగా మాట్లాడు. టీవీ తగ్గించు. పక్కవాళ్ళు కంప్లైంట్ ఇస్తే ఏమవుద్దో తెలుసా? పీఆర్ రానీ తల్లీ, ఆ తర్వాత నీ ఇష్టం, ఇంటిమీదెక్కి అరువు." ఈ దేశంలో శాశ్వతంగా ఉండనిచ్చే ఆ పీఆర్ కాగితం కోసం నాన్న దరఖాస్తు పెట్టి అప్పటికి కొన్ని నెలలైంది. ఆ నెలలన్నీ మేం ఇంట్లో కూడా చుట్టాల్లాగే ఉన్నాం.

బడిలో నా సంగతి ఇంకా ఘోరం. ఒంగోలులో నేను పద్యాల పోటీల్లో కప్పులు కొట్టినదాన్ని. ఇక్కడ నోరు తెరిస్తే నా ఇంగ్లీషు వాళ్ళకి, వాళ్ళ ఇంగ్లీషు నాకు ఎక్కేది కాదు. రెండుసార్లు పిల్లలు నవ్వారు. మూడోసారి నేనే నోరు మూసుకున్నాను. ఏడు నెలల్లో నేను ఆ బడిలో మాట్లాడింది "యెస్ మిస్", "నో మిస్", "సారీ". రిపోర్టులో నన్ను నెమ్మదైన పిల్ల అని రాశారు. అది చదివి నాన్న మురిసిపోయాడు. అమ్మ మాత్రం "నెమ్మదా? ఇదా?" అని కాగితాన్ని తిరగేసి ఎవరి పేరుందో చూసింది.

అప్పుడొచ్చింది జర్మన్ క్లాసు. మా బడిలో కొన్ని వారాలకో భాష రుచి చూపించేవాళ్ళు. టీచరు అరవైకి దగ్గరపడ్డ మనిషి. మగపిల్లాడిలా కత్తిరించిన తెల్ల జుట్టు, వానొచ్చినా ఎండొచ్చినా కాళ్ళకి గంబూట్లు. వయసులో ఉన్నప్పుడు అణు ఓడలు మా రేవుల్లోకి రావద్దని పడవల మీద వెళ్ళి అరిచిందట. మొదటి రోజు పలకరింపులూ అంకెలూ ఏమీ చెప్పకుండా టేప్‌రికార్డర్ బల్ల మీద పెట్టి ఆ పాట వేసింది. దడదడలాడే డోలు, దాని మీద ఒక అమ్మాయి గొంతు. ముప్పైమంది పిల్లలం తెల్లమొహం వేశాం. "అర్థం తర్వాత చెబుతా. ముందు నోటికి రానీండి" అంది టీచరు.

ఏడు నెలల తర్వాత మొదటిసారి ఆ గదిలో నాకు రానిది మిగతావాళ్ళకీ రాదు! పైగా అర్థం తెలియకుండా నోటికి పట్టడం అనే విద్యలో నన్ను మించినవాళ్ళు ఆ దీవిలో లేరు. మూడో ఏటి నుంచి పద్యాలతో నేను చేసిన పని అదే కదా.

పాట మాటలన్నీ తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. తెలుగులో రాయలేని కూత ఈ భూమ్మీద లేదని నా నమ్మకం. గొంతులో గరగరమనే ఒక్క శబ్దం మాత్రం లొంగలేదు, దానికి నక్షత్రం గుర్తు పెట్టాను. క్యాసెట్ అడిగి ఇంటికి తెచ్చాను. అమ్మ ఆ కాగితం చూసి "ఎన్ని పాదాలు?" అంది. పాటా పద్యమా అని కూడా అడగలేదు.

అమ్మ చేత వల్లె వేయించుకోవడమంటే మాటలు కాదు. కాగితాన్ని రైస్ కుక్కర్ పైన గోడకి అంటించింది. పాదానికి పదిసార్లు. తప్పితే మళ్ళీ ఒకటి నుంచి. ఊపిరి తీసుకునే చోట పసుపు చేత్తో చుక్క పెట్టింది. క్యాసెట్‌లో అమ్మాయి ఎక్కడ సాగదీస్తే అక్కడ గరిటె గాల్లో ఆగేది. "ఆ పిల్ల 'ట' గట్టిగా అంటంది, నువ్వు నంగిగా అంటన్నావు. నోరు తెరువు!" అని కసిరేది. వారం తిరిగేసరికి నాతో పాటు అమ్మకీ వచ్చేసింది. ఇంగ్లీషులో పాల ప్యాకెట్ అడగడానికి డెయిరీ కొట్టు ముందు పదినిమిషాలు నిలబడే మా అమ్మ, జర్మన్‌లో గడగడా పాడుతూ అంట్లు తోమింది.

అది ఫీజోవా పళ్ళ కాలం. కోడిగుడ్డంత ఆకుపచ్చ పళ్ళు, జామ వాసన, అనాస వాసన, ఇంకా ఏదో సబ్బు వాసన కలిపి కొడతాయి. చెట్టు నుంచి రాలి ఎక్కువైపోతే ఇక్కడి జనం సంచుల్లో పోసి గేటు బయట పెట్టేస్తారు, ఎవరైనా పట్టుకెళ్ళొచ్చు. అమ్మ మొదట నమ్మలేదు. "ఊరికే ఎవరు పెడతారే? దిష్టి తీసి పారేశారేమో" అని చుట్టూ తిరిగి పోయింది. నమ్మాక మాత్రం ఊరుకోలేదు. పుల్లటివన్నీ ఏరి, మెంతిపిండీ ఆవపిండీ కలిపి పచ్చడి పెట్టింది. వేడన్నంలో ఆ పచ్చడి కలుపుకుని తింటుంటే కళ్ళనీళ్ళు కారేవి, కారానికే. ఆంటీ వేలు నాకి "గిది మామిడికాయ కంటె మంచిగుంది వదినె, ఎవ్వరికి జెప్పకు" అంది.

క్లాసులో పాడే రోజు వచ్చింది. ఒక్కొక్కరూ లేచి నాలుగు మాటలు గొణిగి కూర్చుంటున్నారు. నా వంతు రాగానే లేచి, చేతులు జోడించి, కళ్ళు మూసుకుని మొత్తం పాడేశాను. పద్యానికి అలాగే నిలబడాలని నాకు నేర్పారు మరి. కళ్ళు తెరిచేసరికి అందరూ నన్నే చూస్తున్నారు. నవ్వుతారనుకున్నాను. వెనక బల్ల మీద ఉన్న మావోరీ అమ్మాయి "మళ్ళీ పాడు" అంది. టీచరు నన్ను ముందు వరస మధ్యలో నిలబెట్టి, ఇక నుంచి పాట నువ్వెత్తు, మేమందరం అందుకుంటాం అంది. ఆ రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర నేను ఇంగ్లీషు మాట్లాడాను. తప్పులతోనే మాట్లాడాను. ఎవరైనా నవ్వితే నవ్వుకోనీ, నేను పాట ఎత్తే మనిషిని.

ఉగాదికి తెలుగువాళ్ళందరూ ఒక హాల్లో కలిశారు. పిల్లల ఐటమ్‌లు అన్నప్పుడు అమ్మ నన్ను తోసింది. మళ్ళీ చేతులు జోడించి కళ్ళు మూసుకుని అందుకున్నాను. ఆ భంగిమ చూసి ముందు వరస ఆంటీలు చెప్పులు విప్పారు. ఇద్దరు బామ్మలు దండం పెట్టారు. పాట అయ్యాక సంఘం పెద్ద అంకుల్ మైకు లాక్కుని, "చూశారా! జర్మనీవాళ్ళు మన వేదాలు పట్టుకెళ్ళారని నేనెప్పుడూ చెప్తూనే ఉంటాను. ఆ స్వరం విన్నారా? అచ్చం సామవేదమే!" అన్నాడు. హాలంతా చప్పట్లు. నాన్న లేచి నిలబడి అందరికీ నమస్కారం పెట్టాడు. వేదమో కాదో నాకూ తెలియదు కాబట్టి నేనూ ప్రసాదం రెండుసార్లు పెట్టించుకున్నాను.

ఆ తర్వాత వారమే ఎక్కడో దూరాన యుద్ధం మొదలైంది. టీవీలో రోజూ చీకట్లో పడే బాంబుల ఆకుపచ్చ మెరుపులు. మా టీచరు మొహంలో నవ్వు పోయింది. ఒక రోజు క్లాసులో పాట అర్థం రాసి ఇచ్చింది.

ఇంటికొచ్చి, అమ్మ పోపు పెడుతుంటే కుర్చీ మీద నిలబడి, ఒక చేత్తో తువ్వాలు, ఒక చేత్తో కాగితం పట్టుకుని తెలుగులో చెప్పాను. ఒక ఊళ్ళో పెద్దలు యుద్ధానికి సామాన్లు పోగేస్తుంటారు. ఒకమ్మాయి ఇంటి మెట్ల మీద కూర్చుని ఉంటుంది. వాళ్ళొచ్చి సైకిలు అడిగితే ఇవ్వనంటుంది. పెరట్లో చెట్టు అడిగితే ఇవ్వనంటుంది. ఆఖర్న ఆ అమ్మాయి అన్నను అడుగుతారు. "ఇవ్వను, ఇవ్వను, ఇవ్వను" అంటుంది. డోలు అక్కడే గట్టిగా మోగేది.

అమ్మ గరిటె కింద పెట్టేసింది. అమ్మ తమ్ముడు, మా చిన్న మావయ్య, అప్పుడు మిలిటరీలో ఉన్నాడు, సరిహద్దులో. ఆయన ఉత్తరం వచ్చి అప్పటికి నెల దాటింది. ఆవాలు మాడిపోయాయి, నేను విసరడం మరిచిపోయాను, అలారం కుయ్యోమంది. "నేను ఇన్నాళ్ళూ పాడింది ఇదా?" అంది అమ్మ, ఆ మోతలోనే.

టీచరు ఇంకో కాగితం కూడా ఇచ్చింది. హెండర్సన్ బజార్లో శనివారం పొద్దున కొందరు పెద్దవాళ్ళు యుద్ధం వద్దని అట్టలు పట్టుకుని నిలబడతారట. ఇష్టమున్న పిల్లలు అక్కడ ఆ పాట పాడొచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళు సంతకం పెట్టిన పర్మిషన్ స్లిప్ ఉంటేనే.

నాన్నకి ఆ స్లిప్ చూపించేలోపే సంఘం అంకుల్ ఫోన్ వచ్చింది. ఆయనకి ఎవరో జర్మన్ తెలిసినవాళ్ళు చెప్పారట. ఫోన్‌లోంచి నాకూ వినిపిస్తోంది. "ఏవయ్యా, నీకు బుద్ధుందా? పాపతో ప్రొటెస్ట్ పాట పాడిస్తావా? నీ పీఆర్ ఫైలు ఇంకా ఆఫీసరు టేబుల్ మీదుంది!" వేదం అన్నది తనేనన్న సంగతి ఆయనకి గుర్తున్నట్టు లేదు.

నాన్న ఫోన్ పెట్టి, స్లిప్ చదివి, మడిచి నా చేతికిచ్చాడు. "వద్దమ్మా."

"నేనే ఎత్తాలి నాన్నా. నేను లేకపోతే వాళ్ళకి రాదు."

"వద్దన్నానా! రోడ్డు మీద నిలబడి అరవడానికొచ్చామా ఇంత దూరం? ఎవడో ఫొటో తీస్తాడు. రేపు మనల్ని పంపించేస్తే? ఉన్న ఉద్యోగం వదులుకుని వచ్చాను. అక్కడ నాకేం మిగల్లేదు." నాకు జాలి వేయలేదు, ఒళ్ళు మండింది. పాట పోతే బడిలో మళ్ళీ "యెస్ మిస్, నో మిస్" అని బతకాలి. అది నా వల్ల కాదు.

అందుకని మర్నాడు దొంగతనానికి దిగాను. నాన్న సంతకం తెలుగులో ఉంటుంది, చివర ఒక తోక. ప్రకటన కాగితాల వెనక పాతికసార్లు సాధన చేశాను. తోక కుదరలేదు. అంతలో వెనక నుంచి ఆంటీ, "ఓ వదినె! నీ బిడ్డ దొంగ సంతకం వెడుతున్నది సూడు!" అంది. చెప్పాను కదా, ఆవిడ ఎప్పుడూ నిజమే చెప్పేది.

అమ్మ వచ్చింది. కొడుతుందనుకున్నాను. స్లిప్ తీసుకుని చూసి, "ఇక్కడ తండ్రి అనుందా?" అని అడిగింది.

"పేరెంట్ అనుంది."

"అంటే?"

"ఇద్దర్లో ఎవరైనా."

అమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంది. ఈ దేశంలో అప్పటిదాకా ఆవిడ సొంతంగా ఒక్క సంతకం పెట్టలేదు. అన్నీ నాన్న చూపించిన చోట పెట్టినవే. ఫీజోవా మరకల చేత్తో, నెమ్మదిగా, ఇంటిపేరుతో సహా పూర్తిగా రాసింది. ఆంటీ బుగ్గన వేలేసుకుంది. "అన్న ఊకుంటడా వదినె?" "ఊరుకోరు" అంది అమ్మ. "అయినా చెప్పే వెళ్తాను."

శనివారం పొద్దున కాఫీ ఇస్తూ చెప్పేసింది. "ఏవండీ, సంతకం నేను పెట్టాను. మేం వెళ్ళొస్తాం." నాన్న కాఫీ ముట్టలేదు, తలెత్తలేదు. తిడితే బాగుండునని నాకు మొదటిసారి అనిపించింది.

బజార్లో పాతికమంది కూడా లేరు. ఎక్కువమంది ముసలమ్మలు, చేతుల్లో అట్టలు, ఫ్లాస్కులు. గంబూట్ల టీచరు. మా క్లాసువాళ్ళు తొమ్మిదిమంది. కాస్త ఎడంగా ఒక పోలీసు, చేతిలో సాసేజ్ చుట్టిన బ్రెడ్. అమ్మ చీర మీద స్వెటర్ వేసుకుని ఆయనకి రెండు గజాల దూరంలో నిలబడింది. చేతులు జోడించబోయి, వద్దులే అని కిందకి దించి, కళ్ళు తెరుచుకునే పాట ఎత్తాను.

కళ్ళు తెరుచుకుని ఉన్నాను కాబట్టే నాన్న కనిపించాడు. రోడ్డు దాటి వస్తున్నాడు. ఆఫీసు చొక్కా, చంకలో నీలం రంగు ఫైలు. మా వీసాల నకళ్ళు, ఉద్యోగం ఉత్తరం, నా టీకాల కాగితం దాకా అందులో ఉండేవి. ఆయన నా వైపు రాలేదు. తిన్నగా పోలీసు దగ్గరకి వెళ్ళాడు. మమ్మల్ని ఆపించడానికే వచ్చాడనుకున్నాను. సైకిలు అయింది, చెట్టు అయింది, అన్న చరణం వస్తోంది. ఆపితే ఆపనీ అని గొంతు ఇంకా పెంచాను.

అక్కడ ఏం జరిగిందో అమ్మ నోట వందసార్లు విన్నాను. నాన్న ఫైలు తెరిచి, "సర్, అన్నీ లీగల్ సర్, ఆల్ డాక్యుమెంట్స్ సర్" అని ఒక్కో కాగితం చూపించడం మొదలుపెట్టాడట. పిల్లను పట్టుకుంటారేమో, అంతకు ముందే కాగితాలు చూపిస్తే వదిలేస్తారని ఆయన లెక్క. పోలీసు నోట్లోది మింగి, వేలికంటిన సాస్ తుడుచుకుని, ఆ కాగితాలను చూడకుండా, "వీళ్ళలో మీ పిల్ల ఎవరు?" అని అడిగాడట. నాన్న ఫైలు మూసేశాడట. తర్వాత వేలు పెట్టి చూపించి, ఒంగోలు బస్టాండు గొంతుతో అన్నాడు. ఆ ముక్క మాత్రం పాట మధ్యలో నాకే వినిపించింది.

"ఫస్ట్ రో, మిడిల్! మై డాటర్! సైన్ చేసింది మై వైఫ్!"

ఆ చివరి మాట నేరం అమ్మ మీదకి తోయడానికి అన్నాడా, గొప్పకి అన్నాడా అన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. వాళ్ళిప్పుడుంటున్న హాబ్సన్‌విల్‌ ఇంట్లో అన్నాల బల్ల దగ్గర ఇద్దరూ దాని మీద ఇంకా పోట్లాడుకుంటారు. పీఆర్ ఆ చలికాలంలోనే వచ్చింది. పాట సంగతి ఏ ఆఫీసరూ అడగలేదు. ఆ పాట ఇన్నేళ్ళు ఎలా బతికిందో పెద్దవాళ్ళు ఏవేవో రాస్తుంటారు. నాకు తెలిసిందొకటే. అది అర్థం చెప్పి అడగదు. ముందు నోటికి పట్టేస్తుంది. ఇది వద్దని చెప్పే పాట అని తెలిసేసరికి, భయస్తులమైన మేము కూడా అప్పటికే గట్టిగా ఇవ్వనని చెప్పేసి ఉన్నాం.

ఆ రోజు ఆఖరి చరణానికి ముసలమ్మలు కూడా అందుకున్నారు. అమ్మ అక్కడి నుంచే, ఒక్క మాట తప్పకుండా, నోరు బాగా తెరిచి పాడింది. పోలీసు బూటుతో తాళం వేశాడు. పాట అయిపోగానే అందరూ చప్పట్లు కొట్టారు. నాన్నకి ఒక చేతిలో ఫైలు ఉంది. దాన్ని కింద పెట్టే రకం కాదు ఆయన. ఎడం చేత్తో ఎత్తి పట్టుకుని, మా ముగ్గురి వీసాలూ లోపల ఉండగానే, కుడి చేత్తో ఆ ఫైలు మీదే దబదబా చరిచాడు.